ఇంటి ముందు రెండు వేపలు

పోయిన ఆషాఢంలో ఒక బుధవారం పొద్దున నేను చనిపోయానని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫొటో లేదు. ఇంటిపేరు, పేరు, పరమపదించారన్న మాట, కింద జోడించిన రెండు చేతుల బొమ్మ. ఆ వేళకు నేను కల్లూరులో మా అబ్బాయి ఇంటి వసారాలో కూర్చుని కొర్రలు చెరుగుతున్నాను.

మొదటి ఫోను ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. మా ఆయనకు చిన్నాయన కొడుకు, డెబ్బై దాటిన మనిషి. మా అబ్బాయి గడ్డం గీసుకుంటూ ఫోను స్పీకరులో పెట్టాడు. "ఏం జేస్తామప్పా, వయసైపాయ. ఎన్ని గంటలకు ఎత్తుతాండారు?" అన్నాడాయన, బస్సు టైము అడిగినట్టు. మా అబ్బాయి నా వైపు చూసి, "చిన్నాయనా, మా అమ్మ ఈడనే ఉండాది. కొర్రలు చెరుగుతాంది" అన్నాడు. అవతల నుంచి ఆయన, "అయితే చిన్నామెనా పోయింది?" అన్నాడు. ఆ వెంబడే ఎక్కిళ్ళు. అంత వయసు మగమనిషి అట్లా ఏడవడం నేను వినలేదు.

మేము బయలుదేరే లోపల ఇంకో నాలుగు ఫోన్లు వచ్చాయి. నలుగురిదీ అదే వరస. పోయింది నేననుకున్నంత సేపు టైము అడిగారు. ఆమె అని తెలిశాక ఏడ్చారు. ఈ సంగతి రాయొద్దని మనవరాలు అంది. జరిగింది కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఇది రాస్తున్నది మనవరాలి పాత నోటు పుస్తకంలో మిగిలిపోయిన తెల్ల కాగితాల మీద. తప్పులు దిద్దేది తనే.

పోయినామె నా తోడికోడలు, మా మరిది భార్య. ఆమె పేరు ఇందులో ఎక్కడా రాయను. దాచాలని కాదు. ఆమె పేరూ నా పేరూ ఒకటే. మా నేతవాళ్ళలో ఇంటికొక ఆడపిల్లకు అమ్మవారి పేరు పెట్టడం వాడుక. ఒకే ఇంటికి కోడళ్ళమయ్యాక ఇంటిపేరూ ఒకటయింది. రేషను కార్డులో మమ్మల్ని మొగుళ్ళ పేర్లతో విడదీశారు. ఇంట్లో విడదీసింది మా అత్త.

ఆ ఇంటికి మూడేళ్ళు ముందు వచ్చింది నేను. కడప జిల్లాలో ఒక నేతపేట అది, వీధి వీధంతా మగ్గాలే. మూడేళ్ళూ అత్త నన్ను నా పేరుతోనే పిలిచింది. ఆమె వచ్చిన వారానికి ఆ పేరు ఆమెకు పోయింది. నా పుట్టిల్లు కర్నూలు టౌను కాబట్టి నన్ను "కర్నూలుది" అనడం మొదలుపెట్టింది అత్త. అత్తను చూసి వీధి, వీధిని చూసి చివరికి మా ఆయన. ఎందుకని అడగలేదు. అడిగితే చిన్నతనం.

చెట్లకూ ఇదే పద్ధతి అని తర్వాత ఆమె వల్లే తెలిసింది. చింత అంటే చింతే. దాని పేరు పెట్టుకున్న ఇంకో చెట్టు సీమచింత. గన్నేరంటే గన్నేరే. దేవగన్నేరు, పచ్చగన్నేరు, నిద్రగన్నేరు వేటికవే, ఒక తల్లి బిడ్డలు కావు. ఉత్త పేరు ఒక చెట్టుకే దక్కుతుంది. మిగతావి ముందొక మాట మోసుకుని బతకాలి. ఇవన్నీ ఆమె చెబుతుంటే విని ఊరుకునేదాన్ని. నా కడుపులో ఏముందో ఆమెకు తెలియదు.

ఆమె సన్నగా, వెదురు బద్దలా ఉండేది. బనగానపల్లె పక్క పల్లె నుంచి వచ్చింది. వాళ్ళ నాయన మగ్గం నేస్తూనే మామిడితోటలకు కావలి ఉండేవాడు. పిల్లప్పుడంతా తోటల్లో తిరిగిన మనిషి కాబట్టి చెట్టు కనబడితే కాళ్ళు ఆగిపోయేవి. బొటనవేలి గోటితో బెరడు గీకి వాసన చూసేది. ఆకు తుంచి నలిపి వాసన చూసేది. కొసను పళ్ళతో కొరికి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. అప్పుడు గానీ ఆ చెట్టు పేరు చెప్పేది కాదు. చూసిన ఆకులన్నీ రొంటిన దోపుకునేది. ఆమె చీరలు ఉతికే వంతు నాకొచ్చిన రోజు బండ మీద ఎండుటాకులు రాలేవి. పసరు మరకలు సబ్బుకు పోవు. నేను ఒక సబ్బు బిళ్ళ అరిగి అరిగి చిల్లపెంకంత అయ్యేదాకా వాడే మనిషిని. నా సబ్బంతా ఆమె రొంటికే పోయేది.

ఎవరు ఏ చెట్టు పేరు ఎత్తినా ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట, "ఏది?" తుమ్మ అంటే, ఏ తుమ్మ. ఉసిరి అంటే, ఏ ఉసిరి. ఎదుటివాళ్ళు విసుక్కుంటే నవ్వి, "ఆకు చెప్పల్లక్కా, మనం కాదు" అనేది. వీధిలో ఎవరింట బాలింత ఉన్నా తుమ్మబంక మొదట ఆమె నాలుక మీదికి వచ్చేది. ఇది నల్లతుమ్మది, వాడుకోండి అనేది, లేదా ఇది వేరే, పారేయండి అనేది. ఊరగాయకు ఉసిరికాయలు తెస్తే ఆమె చూడాలి. తలంటుకు శీకాయ తెస్తే ఆమె చూడాలి. ఆడవాళ్ళు మా గడప ఎక్కి నన్ను దాటుకుని లోపలికి పోయేవాళ్ళు. నేను పక్కకు జరిగేదాన్ని.

ఆమెకు చదువు రాదు. బస్టాండులో బోర్డు నేనే చదివి చెప్పాలి. అక్కడ ఒక్క చోట నాది పైచేయి అయ్యేది. నంద్యాల బస్సుకు ఇంకా టైముందని చెప్పి నిలబెట్టి, నేను మాత్రం కూర్చునేదాన్ని. ఆమె నిలబడి బస్టాండు గోడ పక్క చెట్టు తొర్ర చూస్తూ ఉండేది. ఎక్కడైనా వేలిముద్ర వేయాల్సి వస్తే సిరా పూయకముందే ఆ వేలు పచ్చగా ఉండేది.

ఒకసారి అందరం మహానందికి పోయాము. గుండంలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున పడిన సూది కూడా కనబడేటట్టు. అందరూ మునుగుతుంటే ఈమె తోట వైపు పోయింది. పూలమ్మే ఆయన ఒక చెట్టు చూపించి, ఇది అశోకవృక్షమమ్మా, సీతమ్మ కూర్చున్న చెట్టు అని చెప్పాడంట. ఈమె, "ఏ అశోకం స్వామీ?" అంది. వీధుల్లో స్తంభాల్లా నిలువుగా పెరిగేదాన్ని కూడా అశోకమే అంటారు గదా, అది నరమామిడి అని మా నాయన చెప్పేవాడు, ఇది ఏదో చూడనీ అని ఆకు తుంచింది. పూలాయన ముందు కోపగించుకుని, తర్వాత అంగడి వదిలేసి ఆమె వెంట తిరిగాడు. తడిబట్టలతో వచ్చిన మా ఆయన ఇదంతా చూసి, "మా మరదలికి చెట్లు కూడా అబద్ధం చెప్పలేవు" అని నవ్వాడు. మా ఆయన నవ్వే మనిషి కాదు. నా మాటకు ఆయన అట్లా నవ్విన రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామని బస్సు నంద్యాల చేరేదాకా వెదికాను. దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా అత్తింటి ముందు ఒక ముసలి వేప ఉండేది. మగ్గం ఇళ్ళకు వాకిట్లో చెట్టు లేకపోతే పని జరగదు. పొద్దున్నే మగ్గానికెక్కించే పడుగు నూలు వీధిలో సాచి, కుంచెతో గంజి పట్టించి ఆరబెట్టాలి. ఎండ నేరుగా పడితే నూలు పెళుసై తెగుతుంది. ఆకు సందుల్లో నుంచి వచ్చే నీడ కావాలి. దానికి వేపను మించింది లేదు. అది ఒకటి. రెండోది ఉగాది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఉగాది పొద్దున ఇంటి కోడలు ఎవరితోనూ మాట్లాడకముందు ఇంటి వేప కింద కొంగు పట్టి పువ్వు దులపాలి. అత్త తలకు పోసుకుని గడపలో నిలబడి కోడల్ని పేరు పెట్టి పిలుస్తుంది. పిలుపు అందుకున్నామె ఊ అనకుండా పోయి దులుపుకొస్తుంది. ఆ పువ్వుతోనే పచ్చడి. మొదటి మూడు ఉగాదులూ ఆ పిలుపు నాదే. తడి జుట్టుతో ఆ చెట్టు కింద నిలబడితే పువ్వు తల మీద, భుజాల మీద రాలేది. పుట్టింటి నుంచి వచ్చాక ఆ ఇంట్లో నేనొక మనిషినని నాకనిపించింది ఆ మూడు పొద్దులే.

ఆమె కాపురానికొచ్చిన ఏడే గాలివానకు ఆ వేప కూలింది. అత్త ఇద్దరు కోడళ్ళనూ పిలిచి, మెట్లకు అటొకటి ఇటొకటి వేపమొక్క నాటమంది. ఆమె పుట్టింటికి పోయి, తడిగుడ్డలో చుట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఒక మొక్క తెచ్చింది. జానెడు ఉంది. బస్సు ఛార్జీ పెట్టి మొక్క తెచ్చుకోవడం నాకు నచ్చలేదు. ఆసుపత్రి గోడ వెనక ఊరికే మొలిచి ఉంటే నేనొకటి పీక్కొచ్చాను. మోకాలెత్తు ఉంది. చూడటానికి వేపే. మాది మగ్గం ఇల్లు, మాకు సేద్యం తెలియదు. అత్త చూసి ఇదే బాగుందంది. ఆమె నా మొక్క దగ్గర కూర్చుని కాసేపు చూసింది. ఆకు తుంచలేదు. లేచి తన మొక్కకు నీళ్ళు పోసుకుంది.

నాది పరుగున పెరిగింది. రెండేళ్ళకు మనిషెత్తు దాటింది. ఆమెది ఇంకా నా నడుముకు రాలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి తొట్టి కడిగిన నీళ్ళు, అన్నీ దానికే పోశాను. వీధిలో వాళ్ళు ఎవరు నాటారని అడిగితే కర్నూలుదని అత్త చెప్పేది. ఆ మాటలో అప్పుడు నాకు కష్టం తోచలేదు.

నాటిన నాలుగో ఉగాదికి నా చెట్టు పూసింది. ఆమెది పూయలేదు. పువ్వు కొంచెం ఊదా రంగు, వాసన బాగుంది. ఆ పొద్దున అత్త పిలిచే దాకా నేను ఆగలేదు. చీకటితోనే తలకు పోసుకుని, కొంగు పట్టి, నా చెట్టు పువ్వు నేనే దులుపుకుని పళ్ళెంలో పోసి రోటి దగ్గర పెట్టాను. అత్త వచ్చి చూసి పిలుస్తుంది, పాత పేరుతో పిలుస్తుంది అనుకున్నాను. అత్త కంటే ముందు ఆమె వచ్చింది. పళ్ళెం వైపు చూసింది. నా వైపు చూసింది. చింతపండు గిన్నె అందుకుంటున్నట్టు వంగి, మోచేత్తో పళ్ళెం తోసేసింది. పువ్వంతా పేడనీళ్ళు చల్లిన వాకిట్లో పడింది.

అత్త వచ్చి ఆమెను తిట్టింది, పండగ పూట చేతులు విరిగినాయా అని. ఆమె వంగి ఒక్క పువ్వు లేకుండా ఎత్తి పెంటకుప్పలో పారేసింది. ఆ ఏడు పచ్చట్లోకి పువ్వు ఎదురింటి నుంచి తెచ్చారు. నా చెట్టు ముందు పూసిందని ఆమెకు కడుపుమంట అనుకున్నాను. అనుకుంటే నాకు సుఖంగా ఉండింది. ఈ ఇంట్లో నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారని.

ఆ సుఖం చలికాలం దాకా ఉంది. నా చెట్టుకు గోలీలంత కాయలు గుత్తులుగా కాసి పసుపు రంగుకు తిరిగాయి. ఆకంతా రాలి చెట్టు చీపురులా నిలబడింది. నీడ లేదు. పడుగును ఆమె చెట్టు వైపు జరిపారు. ఎదురింట్లో పడుగు నూలు ఆసు పోసే ఆమె ఉండేది, నాకంటే పెద్దది. ఒక రోజు ఆమె మా అరుగు మీద కూర్చుని ఆ కాయ చిదిమి చూసి, "ఇది వేప గాదు మ్మే. ఎర్రి వేప అంటారు. దీని పువ్వు పచ్చట్లో ఎయ్యరు. కాయ పిల్లోళ్ళ నోట్లో పడగూడదు, ప్రమాదం" అని చెప్పింది. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పుడు రాయలేను.

నాకు మోచెయ్యి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆమె పెరట్లో అంట్లు తోముతుంటే పోయి అడిగాను.

"నీకు తెలుసునా?"

"తెల్సక్కా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొక్క తెచ్చిన దినమే."

"నోరు లేదా చెప్పడానికి?"

ఆమె గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, వాకిట్లోకి పోయి తన చెట్టు రెబ్బ ఒకటి, నా చెట్టు రెబ్బ ఒకటి తెచ్చి బండ మీద పక్కపక్కన పెట్టింది. "ఇది సూడక్కా, ఒకటే ఈనె. దానికి అటూ ఇటూ ఆకు. ఇది వేప. నీదానికి ఈనెకు మళ్ళా ఈనెలు పుట్నాయి. అప్పుడే సూసినా. నువ్వు దినామూ నీళ్ళు పోస్తాంటివి. చెట్టు చెట్టే గదా, నీడన్నా ఇస్తాదిలే అనుకున్యా" అంది.

ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. నేను పది మాటలు అని ఉండేదాన్ని. నాలుగేళ్ళు నన్ను చూసి ఆమె జాలిపడింది. నేను ఆమెను చూసి గర్వపడుతుంటే ఆమె నన్ను చూసి జాలిపడుతూ ఉంది. ఆ సంగతి నేను ఈ రోజుకూ క్షమించలేదు. పైగా అత్త నా చెట్టు కొట్టించేస్తానంటే అడ్డుపడింది కూడా ఆమే.

మరుసటి ఉగాదికి ఆమె చెట్టు పూసింది. తెల్లటి చిన్న పువ్వు. ఆ పొద్దున ఇద్దరం తలకు పోసుకుని వంటింట్లో నిలబడ్డాము. గడపలో నుంచి అత్త పేరు పెట్టి పిలిచింది. ఉత్త పేరు. ఆమె కదలలేదు. నా వైపు చూసి కళ్ళతో పొమ్మంది. నేను పోయాను. గడప దాటబోతుంటే అత్త నా భుజం మీదుగా లోపలికి చూసి, "నువ్వు గాదు మ్మే. కర్నూలుదాన్ని పిల్చలేదు" అంది. అత్త కోపంగా అనలేదు. ఉప్పు కాదు, చక్కెర ఇవ్వమన్నట్టు అంది. నేను పక్కకు జరిగాను. ఆమె తల వంచుకుని నన్ను దాటి పోయింది.

తర్వాత అత్త బతికినన్ని ఉగాదులూ అదే పిలుపు, అదే మనిషి. ఆ తర్వాత ఏ ఏడూ నేను గడప దాకా రాలేదు. పిలుపు వినబడేటప్పటికి పొయ్యి దగ్గర ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని.

ఒక పని మాత్రం చేశాను. ఆమె విద్య దొంగిలించాను. ఆమె కొరికి పారేసిన ఆకు ఆమె లోపలికి పోయాక తీసుకుని నేనూ కొరికేదాన్ని. మొదట్లో అన్నీ ఒకటే చేదు, ఒకటే వగరు. ఆమెకు కనబడేది నాకు కనబడేది కాదు. ఏళ్ళు పట్టింది. మెల్లమెల్లగా ఈనెలు చూడటం, కాయ గింజ చూడటం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతారు.

మా ఆయన పోయాక నేను కల్లూరు వచ్చేశాను. మరిదీ పోయాడు. ఆమె కొడుకు, కోడలితో ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఈ మధ్య మా అబ్బాయి కొత్తింటి ముందు నాటడానికి ఆటోలో రెండు మొక్కలు తెచ్చి, అశోక చెట్లమ్మా అన్నాడు. నా నోట్లో నుంచి "ఏ అశోకం?" అని వచ్చింది. మా అబ్బాయి నవ్వి, అచ్చం చిన్నమ్మలా అన్నావన్నాడు. ఆ రోజంతా నేను వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ మధ్య వేపచెట్లకు తెగులు వచ్చింది గదా, కొమ్మల కొసల నుంచి కాలినట్టు ఎండుకుంటూ రావడం, ఆమె చెట్టుకూ వచ్చింది. ఒక పెళ్ళికి పోయి అటు నుంచి ఆ ఇంటికి పోయాను. వీధి మలుపు తిరగ్గానే కనబడింది. మెట్లకు ఈ పక్క నా చెట్టు పచ్చగా, గొడుగులా. ఆ పక్క ఆమె చెట్టు ఎముకల్లా. అబద్ధం రాయను. నాకు లోపల చల్లగా అనిపించింది. కుండలో నీళ్ళు తాగినట్టు.

ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "నీదే నిలబడిందక్కా" అంది. ఆ మాటలో నాకు కావలసింది వెదుక్కున్నాను. కుళ్ళు లేదు. ఓటమి కూడా లేదు. నిజంగానే సంతోషపడుతూ ఉంది. నేను వెళ్ళిపోయాక ఇన్నేళ్ళూ నా చెట్టుకు నీళ్ళు పోసింది ఆమే అని ఆమె కోడలు చెప్పింది. వీధిలో పిల్లలకు ఆ కాయలు ముట్టుకోవద్దని చెప్పేదంట, రాలినవి రోజూ ఊడ్చి ఎత్తేదంట. చల్లదనం అప్పుడే పోయింది.

ఇంటికి బయలుదేరుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని తన చెట్టు దగ్గరికి తీసుకుపోయింది. పగిలిన కుండ ఒకటి మోడు పక్కన బోర్లించి ఉంది. కుండ పక్కకు తీసి, వంగి, "ఈడ సూడక్కా, ఇగురు" అంది. వేరు దగ్గర వేలెడు చిగురు, ఎర్రగా. మేకలు కొరకకుండా కుండ పెట్టిందంట. ఎవరికీ చెప్పొద్దు, తొక్కేస్తారు అంది. ఆమె నాతో పంచుకున్న గుట్టు అదొక్కటే. ఆమెను చూడటం కూడా అదే ఆఖరు. మూడు రోజులు జ్వరమని, నాలుగో రోజు లేదని ఆ బుధవారం తెలిసింది.

మేము పోయేటప్పటికి ఎత్తడానికి అంతా సిద్ధంగా ఉంది. ఆమె ముఖం చూశాను. బొటనవేలు చూశాను. స్నానం చేయించారు గానీ గోటి సందున పచ్చదనం పోలేదు. మగవాళ్ళు కాటికి పోయారు. ఆడవాళ్ళం వాకిలి కడిగి కూర్చున్నాము. వాళ్ళు తిరిగి వచ్చేటప్పటికి గడప ముందు నీళ్ళు, వేపాకు పెట్టాలి. కాళ్ళు కడుక్కుని, ఆకు కొరికి ఉమ్మి, లోపలికి రావాలి. ఆమె కోడలు లేచి నా చెట్టు కొమ్మ వంచి, ఇంత రెమ్మ విరిచి, పళ్ళెంలో పెట్టుకొచ్చింది.

నేను చూశాను. ఈనెకు ఈనెలు.

అక్కడ ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు. వాళ్ళకది వేప. వెర్రివేప అన్న మాట తెలిసినవాళ్ళు పోయారు, లేదా మరిచిపోయారు. నా చెట్టుకు ఉత్త పేరు దక్కింది. నేను ఊరుకుంటే చాలు. ఆమె చచ్చి నాకు వదిలిపెట్టిన చోటు అది. కాసేపు ఊరుకున్నాను కూడా. పళ్ళెం గడప ముందు పెట్టారు. అందులో కొరకబోయేది ఆమె కొడుకు, ఆమె మనవలు.

"అది కాదు మ్మే. అది తీసెయ్యి" అన్నాను.

కోడలు నా ముఖం చూసి, "వేపాకే గదా పెద్దత్తా" అంది. కాదన్నాను. నోట్లో పెట్టుకునే ఆకు కాదని, ఆ చెట్టు నేనే తెచ్చి నాటానని, తెలియక తెచ్చానని చెప్పాను. నలభై ఏళ్ళ పైన అయింది, ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఎవరో, మరి ఈ పూట వేపాకు యాడ తెస్తాము, వీధిలో ఉన్నవన్నీ ఎండిపాయ గదా అన్నారు. మగవాళ్ళు మలుపు దగ్గరికి వచ్చేశారు.

ఎదురింటి ఆసు పోసే ఆమె మా అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తొంభైకి దగ్గర. చూపు లేదు. ఆమె తల ఎత్తి పేరు పెట్టి పిలిచింది. ఉత్త పేరు. పోయి ఆకు తేపో అంది.

ఆడవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. పోయిన మనిషిని పిలుస్తూ ఉంది పాపం అని ఒకామె నోట్లో కొంగు కుక్కుకుంది. ఎవరిని పిలిచిందో నాకూ తెలియదు. అలవాటు కొద్దీ నేను ఆగాను. పక్కకు జరిగి కూడా ఉంటాను. వంటింట్లో నుంచి ఆమె వచ్చి, తల వంచుకుని నన్ను దాటి పోవాలి. ఎవరూ రాలేదు.

ఆ పిలుపుకు ఊ అనకూడదు. అనలేదు. మెట్లు దిగి మోడు దగ్గరికి పోయి, బోర్లించిన కుండ తీశాను. వేలెడు చిగురు జానెడు అయింది. నాలుగు రెబ్బలున్నాయి. ఒకటే ఈనె, అటూ ఇటూ ఆకు. రెబ్బలకు రెబ్బలు తుంచితే ఆ ఇగురు చచ్చిపోతుంది. మనిషికొక ఆకు చాలు. కొంగు పట్టి, ఒక్కొక్క ఆకే గిల్లి అందులో వేసుకున్నాను. కుండ మళ్ళీ బోర్లించి, గడప వైపు తిరిగాను.

నువ్వు కాదు, కర్నూలుదాన్ని పిలవలేదని ఎవరూ అనలేదు.